జానెడు షీటులో కిలోమీటరు నౌక

1977లో వచ్చిన 'స్టార్ వార్స్' తొలి దృశ్యాన్ని చూసినవాళ్ళు అంత తేలిగ్గా మరచిపోలేరు. ఒక చిన్న అంతరిక్ష నౌక పారిపోతూ కనబడుతుంది. దాని వెనకే తెర పైఅంచు నుంచి త్రికోణాకారపు యుద్ధనౌక రావడం మొదలవుతుంది. ఎంతసేపు చూసినా ఇంకా వస్తూనే ఉంటుంది. కథ ప్రకారం దాని పొడవు 1600 మీటర్లు. షూటింగులో వాడిన నమూనా మాత్రం మూడడుగులు. పారిపోయే 'చిన్న' నౌక నమూనాయే దానికి దాదాపు రెట్టింపు పొడవుండేది! పెద్ద బొమ్మ చిన్నదిగానూ, చిన్న బొమ్మ ఊరంతగానూ కనబడ్డా హాల్లో ఒక్కరికీ అనుమానం రాలేదు.

ఇలాంటి విద్య మనకు కొత్త కాదు. 1957 నాటి 'మాయాబజార్'లో కె.వి.రెడ్డి చూపించిన ద్వారకానగరం కళాదర్శకులు గోఖలే, కళాధర్‌ల పర్యవేక్షణలో కట్టిన మినియేచర్. మార్కస్ బార్ట్‌లే దాన్ని ఎలా వెలిగించాలో, ఎంత ఎత్తునుంచి చూపాలో తెలిసిన కెమెరామన్ కాబట్టి ఈనాటికీ అది నగరంగానే కనబడుతుంది. 1968లో స్టాన్లీ క్యూబ్రిక్ తీసిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' కోసం 54 అడుగుల డిస్కవరీ నౌకను కట్టారు. దాని ఒంటినిండా కనిపించే యంత్ర భాగాలలో చాలావాటిని బజారులో దొరికే బొమ్మ కిట్లనుంచి విడదీసి అతికించారు. ఈ పద్ధతి ఆ తర్వాత ప్రపంచమంతా పాకింది. కిట్టు ఏదీ కొనకుండా, ఉత్త ప్లాస్టిక్ షీటు కోసి నౌకను మొదటినుంచీ కట్టడాన్ని స్క్రాచ్ బిల్డింగ్ అంటారు. చవకగా అయ్యే పని, ఓపిక మాత్రం చాలా కావాలి. కోలారు ప్రాంతంలో ఉన్న పిల్లలకు ఇందులో ఒక వెసులుబాటు ఉంది. దాని సంగతికి ముందు షీటు గురించి చెప్పాలి.

ఆ తెల్ల షీటు పాలీస్టైరీన్. పెళ్ళి మండపంలో వధూవరుల పేర్లు కోసి అంటించే థర్మోకోల్ కూడా అదే పదార్థం. థర్మోకోల్‌లో నూటికి 95 వంతులకు పైగా గాలి ఉంటుంది, షీటులో ఉండదు, అదే పెద్ద తేడా. స్వచ్ఛమైన పాలీస్టైరీన్ గట్టిదే గాని పెళుసు. సీడీల మీది పారదర్శకమైన పెట్టె కింద పడితే పటుక్కున పగిలేది అందుకే. అందులో కాస్త రబ్బరును కలిపితే కథ మారిపోతుంది. కంటికి కనబడనంత చిన్న రబ్బరు రేణువులు ప్లాస్టిక్ అంతటా పరుచుకుంటాయి. ఎక్కడైనా పగులు మొదలైతే, ఆ రేణువుల చుట్టూ వేల సంఖ్యలో సూక్ష్మమైన చీలికలు పుట్టి దాని బలాన్ని పంచుకుని మింగేస్తాయి. షీటును వంచినప్పుడు వంపు దగ్గర ఇంకాస్త తెల్లబడుతుంది చూడండి, అది ఆ చీలికల మీద పడి చెదిరిన వెలుగే. దుకాణాల్లో దీన్ని హిప్స్ షీటు అంటారు. పావు మిల్లీమీటరు మందం మొదలుకొని 2 మిల్లీమీటర్ల దాకా వాడతాం. కొనలేనివాళ్ళు పెరుగు కప్పులను తిప్పి చూడండి: అడుగున త్రికోణంలో 6 అంకె ఉంటే అది పాలీస్టైరీనే. 5 ఉంటే పాలీప్రొపిలీన్, మన పనికి రాదు.

షీటును అడుగంటా కోయనక్కర్లేదు. స్టీలు స్కేలు ఆనించి, బ్లేడుతో రెండు మూడుసార్లు తేలిగ్గా గీసి, గీత పైకి ఉండేలా పట్టుకుని వెనక్కి వంచితే గీత వెంబడే శుభ్రంగా విరుగుతుంది. వంచినప్పుడు షీటంతా భరించాల్సిన లాగుడు ఆ సన్నని గాడి కొనదగ్గర పోగుపడుతుంది, పగులు అక్కడే పుట్టి అక్కడే పరుగెత్తుతుంది. అద్దాలు కోసేవాళ్ళు వజ్రపు ములికితో గీసి విరిచేదీ ఇదే సూత్రంతో.

అతికించడం మరీ అందమైన పని. థర్మోకోల్ మీద నాలుగు చుక్కలు అసిటోన్ వేస్తే గుంటపడి కరిగిపోవడం చాలామంది చూసే ఉంటారు. ఆ గుణాన్నే ఇక్కడ అదుపులో పెట్టి వాడుకుంటాం. రెండు ముక్కల అంచులు ఆనించి, మిథైల్ ఇథైల్ కీటోన్ అనే ద్రావకంలో ముంచిన సన్నని కుంచెను అతుకు మీద ఆనిస్తే చాలు, ఆ సన్నని సందులోకి ద్రవం తనంతట తానే పాకిపోతుంది. పాలీస్టైరీన్ అణువు ఒక్కొక్కటీ సుమారు 2000 స్టైరీన్ అణువులు వరసగా కలిసిన గొలుసు. ద్రావకం తగలగానే ఆ గొలుసులు వదులై అటువి ఇటు, ఇటువి అటు చొరబడతాయి. ద్రావకం ఆవిరయ్యాక అక్కడ జిగురు ఏమీ మిగలదు, రెండు ముక్కలు ఒకటే ముక్క అయిపోతాయి. ఫెవిక్విక్ అలా కాదు. అది రెండు ముక్కల మధ్య వేరే పొరగా గడ్డకడుతుంది, దెబ్బ తగిలితే ఆ పొర దగ్గరే ఊడుతుంది. ఈ ద్రావకాల ఆవిరి ఊపిరితిత్తులకు మంచిది కాదు, నిప్పు అంటుకునే గుణమూ ఉంది. కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా, పిల్లలైతే పెద్దవాళ్ళ ఎదుట మాత్రమే చెయ్యాలి. నౌక లోపల మూసుకుపోయిన గది ఉంటే కనబడని చోట చిన్న రంధ్రం పెట్టాలి. లేకపోతే లోపల చిక్కుకున్న ఆవిరి గోడలను మెత్తబరిచి వారం తిరిగేసరికి వంకర్లు తిప్పుతుంది.

ఇక అసలు లెక్క. కిలోమీటరు నౌకను వెయ్యో వంతుకు కుదిస్తే మీటరు పొడవు. అప్పుడు మనిషి ఎత్తు 1.7 మిల్లీమీటర్లు, తలుపు 2 మిల్లీమీటర్లు, ఒక అంతస్తు 3 మిల్లీమీటర్లు. అన్నిటికన్నా పలచనిదని మనం అనుకునే పావు మిల్లీమీటరు షీటు, నౌక మీద 25 సెంటీమీటర్ల మందపు ఉక్కుగోడ అవుతుంది! బ్లేడు మొనతో గీసిన 0.1 మిల్లీమీటరు గీత 10 సెంటీమీటర్ల సందు. కుంచెతో దట్టంగా పూసిన రంగుకు కూడా మందం లెక్క కట్టాలి. కొత్తగా చేసేవాళ్ళలో చాలామంది నౌకంతా రివిట్లు చెక్కుతారు. కంటికి కనబడేంత రివిట్టు ఈ స్కేలులో బండి చక్రమంత ఉంటుంది. చూసేవాడి కన్ను ఆ చుక్కను మామూలు రివిట్టు అనుకుని, దాన్నిబట్టి నౌక పరిమాణం లెక్కగడుతుంది. కిలోమీటరు నౌక కాస్తా లారీ అంతయిపోతుంది. మన కన్నుకు వస్తువు పరిమాణం నేరుగా తెలియదు, తనకు తెలిసిన కొలతలను వెతుక్కుని వాటితో పోల్చుకుంటుంది. మెట్టు, కటకటాలు, కిటికీ, నిచ్చెన... మనిషి ఒంటి కొలతతో ముడిపడ్డవి ఒకటి రెండు చోట్ల సరిగ్గా ఉంటే మిగతా నౌకంతా వాటి వెంట పెద్దదవుతుంది.

ఫోటో తీసేటప్పుడు వెలుతురు గుట్టు రట్టు చేస్తుంది. భూమి దగ్గరినుంచి చూస్తే సూర్యబింబం అర డిగ్రీ వెడల్పు మాత్రమే. అందుకే అంతరిక్షంలో నీడల అంచులు కత్తితో కోసినట్టుంటాయి. ట్యూబులైటు కింద అలాంటి నీడ రాదు. సెల్‌ఫోను టార్చిలోని 3 మిల్లీమీటర్ల వెలుగు చుక్క 35 సెంటీమీటర్ల దూరంలో దాదాపు అర డిగ్రీ అవుతుంది. ఇంకా వెనక్కి జరిపి చీకటిగదిలో ఎక్కువసేపు ఎక్స్‌పోజరు ఇస్తే నౌకంతటా వెలుగు సమానంగా పడుతుంది. ఇంకో చిక్కు ఫోకసు. దగ్గరనుంచి తీస్తే ముక్కు స్పష్టంగా, తోక మసకగా వస్తుంది, అది బొమ్మేనని తెలిసిపోతుంది. 'స్టార్ వార్స్' సినిమావాళ్ళు కటకం రంధ్రాన్ని బాగా చిన్నది చేసి, ఒక్కో ఫ్రేముకూ చాలాసేపు వెలుగు తీసుకుంటూ, జాన్ డైక్‌స్ట్రా బృందం తయారుచేసిన యంత్రంతో కెమెరాను అంగుళం అంగుళం నడిపారు. సెల్‌ఫోనులో సెన్సరు చిన్నది కాబట్టి ఫోకసు లోతు దానంతటదే ఎక్కువ. ఖరీదైన కెమెరా లేదని బాధపడనక్కర్లేదు.

ఇప్పుడు మన కోలారుకు వద్దాం. నౌక మీద అతికించే చిన్న చిన్న యంత్ర భాగాలు, గొట్టాలు, పెట్టెలు చాలా నమూనాల్లో చేతికందినవి చల్లినట్టుంటాయి. దూరంనుంచి బాగానే ఉంటుంది, దగ్గరకు వస్తే ఏ గొట్టం ఎక్కడికి పోతోందో తెలియదు. నా మట్టుకు నాకు అవి నచ్చవు. పనిచేసే యంత్రంలో ఏ భాగమూ ఊరికే ఉండదు. కోలారు పక్కనున్న తమక నుంచి కేజీఎఫ్‌కు, అంటే కోలారు బంగారు గనులకు, 30 కిలోమీటర్లకు అటూ ఇటూ. ఛాంపియన్ రీఫ్, ఊరుగాం, మారికుప్పం వైపు కొన్ని షాఫ్టుల మీద హెడ్‌గేర్లు, అంటే తాడు చక్రం మోసే ఉక్కు గోపురాలు, ఇంకా నిలబడి ఉన్నాయి. 1880 నుంచి జాన్ టేలర్ కంపెనీ తవ్వించిన, 2001లో మూతపడిన గనుల మీద తుప్పు పట్టిన ఆ గోపురాలే మన పాఠశాల. మూసిన షాఫ్టుల దగ్గరకు వెళ్ళొద్దు, రోడ్డుమీంచి చూసినా చాలు.

ఒక హెడ్‌గేరును నిదానంగా చూడండి. నాలుగు కాళ్ళు నిటారుగా ఉంటే, ఇంకో రెండు కాళ్ళు ఒకే వైపుకు బారచాచినట్టు ఏటవాలుగా ఉంటాయి. ఆ వైపునే వైండర్, అంటే తాడు చుట్టే యంత్రం, ఉండే గది. గనిలోంచి నిటారుగా పైకొచ్చిన ఉక్కుతాడు, గోపురం మీది చక్రం చుట్టి, ఏటవాలుగా వైండర్ డ్రమ్ము మీదకు దిగుతుంది. అంటే చక్రాన్ని రెండు బలాలు లాగుతున్నాయి: ఒకటి నేరుగా కిందికి, ఒకటి వైండరు వైపుకు. రెంటినీ కలిపితే వచ్చే బలం ఆ రెండు దిక్కుల మధ్యగా ఉంటుంది. ఏటవాలు కాళ్ళు ఆ బలానికి ఎదురొడ్డడానికే అటు చాచుకున్నాయి. నమూనాలో వాటిని రెండోవైపున పెడితే గనిలో పనిచేసినవాళ్ళు ఎవరైనా ఒక్క క్షణంలో 'ఇది పడిపోతుంది' అంటారు. పైన చక్రానికి నూనె పెట్టేవాడు నిలబడే చపటా, దాని చుట్టూ నడుమెత్తు కటకటాలు, అక్కడికి పోయే నిచ్చెన... మనిషి కొలతలన్నీ అక్కడే ఉన్నాయి.

భూమి లోపల కూడా ఒక పాఠం ఉండేది. 1965లో టాటా ఇన్‌స్టిట్యూట్, ఒసాకా సిటీ, డర్హం విశ్వవిద్యాలయాల శాస్త్రజ్ఞులు కలిసి ఈ గనుల్లో 2 కిలోమీటర్లకు పైగా లోతున వాతావరణ న్యూట్రినోల జాడ పట్టారు. 1980ల్లో ప్రోటాన్ క్షయం జరుగుతుందేమో చూడటానికి ఇక్కడే 140 టన్నుల పరికరం నెలకొల్పారు. పొడవాటి చతురస్రపు గొట్టాల వరస, దానిమీద ఇనుప పలకలు, ఆపైన అడ్డంగా ఇంకో వరస. గొట్టాలు ఒకదానికొకటి అడ్డంగా ఉంటేనే కణం దారి రెండు కోణాల నుంచి దొరుకుతుంది. షీటును 2 మిల్లీమీటర్ల పట్టీలుగా కోసి ఇదే వరసలో పేర్చితే, నౌక పక్కభాగానికి ఇంతకన్నా అందమైన అల్లిక ఇంకొకటి దొరకదు. దాని ప్రతి గీతకూ కారణం ఉంటుంది మరి.

అందుకే ఈ ప్రాంతపు పిల్లలు ముందుగా గని నౌక కట్టాలని నా కోరిక. లోహం మెండుగా ఉందని భావించే సైకీ అనే గ్రహశకలం వైపు నాసా 2023 అక్టోబరులో ఒక వ్యోమనౌకను పంపింది. అలాంటి శకలం మీద దిగి ఖనిజం తోడే నౌకను ఊహించండి. సైకీ మీద గురుత్వం భూమి మీది దానిలో యాభయ్యో వంతు కూడా ఉండదు. బరువు చాలా తక్కువ కాబట్టి తాడు సన్నగా, హెడ్‌గేరు కాళ్ళు పుల్లల్లా ఉండొచ్చు. కానీ ద్రవ్యరాశి ఎక్కడికీ పోదు. సెకనుకు 10 మీటర్ల వేగంతో పైకొస్తున్న 10 టన్నుల తొట్టెను ఆపాలంటే ఇక్కడైనా అక్కడైనా 5 లక్షల జౌళ్ళ శక్తిని మింగాలి. కోలారులో డ్రమ్మును నిలిపేస్తే తొట్టె మహా అయితే 5 మీటర్లు ఎగిరి ఆగుతుంది, భూమి దాన్ని వెనక్కి లాగుతుంది. సైకీ మీద అది 250 మీటర్లకు పైగా వెళ్ళిపోతుంది. తాడు లాగగలదు గాని నెట్టలేదు కదా, వదులై మెలికలు తిరుగుతుంది, తొట్టె వచ్చి కిందినుంచి హెడ్‌గేరును గుద్దుతుంది. కాబట్టి బ్రేకులు డ్రమ్ము మీద కాదు, తొట్టె నడిచే పట్టాల మీద ఉండాలి. తొట్టె అడుగున ఇంకో తాడు కట్టి, శకలం లోపలి చక్రం చుట్టి తెచ్చి కిందికి లాగే ఏర్పాటూ ఉండాలి.

వేడి సంగతి కూడా అంతే. కేజీఎఫ్ అట్టడుగున రాతి వేడి 60 డిగ్రీలు దాటేది, చల్లని గాలి పంపి మనుషులను బతికించారు. శూన్యంలో గాలి లేదు. వేడి కిరణాల రూపంలో తప్ప బయటకు పోదు, దానికి వెడల్పాటి పలకలు కావాలి. డిస్కవరీకి మొదట అలాంటి పలకలు అనుకున్నారు గాని, రెక్కల్లా కనబడతాయని తీసేశారు. మనం తీయొద్దు. పావు మిల్లీమీటరు షీటుతో, అంచు సూర్యుడి వైపు తిరిగేలా పెడదాం.

స్కేలు 1:200 అయితే 30 మీటర్ల హెడ్‌గేరు 15 సెంటీమీటర్లు, మనిషి 8.5 మిల్లీమీటర్లు, కటకటాల ఎత్తు 5.5 మిల్లీమీటర్లు. తాడుకు 0.2 మిల్లీమీటర్ల నైలాన్ దారం సరిపోతుంది. పట్టాల బ్రేకులకు మాత్రం 1 మిల్లీమీటరు షీటు నాలుగు పొరలు అతికించండి, మిగతా అన్నిటికన్నా అవే బరువుగా కనబడాలి.