పేటెంటు దరఖాస్తుల నుంచి పీడీఎఫ్ దాకా

1971 ద్వితీయార్ధంలో, అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో ముగ్గురు టైపిస్టులు పొద్దస్తమానం పేటెంటు దరఖాస్తులు టైపు చేస్తూండేవారు. వారి వ్రాతను సరిదిద్ది, పుటలుగా కూర్చే పని ఒక కంప్యూటరుది. దాని జ్ఞాపకశక్తి 24 వేల బైట్లు. డిస్కు అర మెగాబైటు. కొన్ని గంటలు టైపు చేస్తే చాలు, చేసినదంతా టేపు మీదికి ఎక్కించి చోటు ఖాళీ చేయవలసి వచ్చేది. పక్కన శాస్త్రజ్ఞుడెవరైనా కొత్త ప్రోగ్రాము పరీక్షించబోతే యంత్రం యావత్తూ స్తంభించే ప్రమాదం కూడా ఉండేది. టైపిస్టుల ఓర్పు సామాన్యమైనది కాదు!

ఆ కంప్యూటరును నడిపినది యూనిక్స్. కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ ప్రభృతులు 1969లో దానికి శ్రీకారం చుట్టారు. ఆపరేటింగ్ సిస్టం పరిశోధనకు పెద్ద యంత్రం కావాలంటే పైవారు డబ్బివ్వలేదు. వ్రాతప్రతులు కూర్చే వ్యవస్థ తయారుచేస్తామన్నాకనే ఇచ్చారు. అంటే పుటలు కూర్చటం యూనిక్స్‌కు పుట్టుకతో వచ్చిన విద్య అన్నమాట.

1973లో జో ఒసానా ఫొటో టైపుసెట్టరు కోసం ‘ట్రాఫ్’ వ్రాశాడు. అది ఒకే రకం యంత్రానికి కట్టుబడిన ప్రోగ్రాము. 1977లో ఆయన మరణించిన తరువాత బ్రయన్ కెర్నిఘన్ దానిని ఆ బంధం నుంచి విడిపించాడు. 1984లో అడోబీ సంస్థ పోస్ట్‌స్క్రిప్ట్, 1993లో పీడీఎఫ్ వెలువరించింది. పోస్ట్‌స్క్రిప్ట్ దస్త్రమే ఒక ప్రోగ్రాము. పదవ పుట కావాలన్నా మొదటి నుంచి నడిపించవలసి రావచ్చు. పీడీఎఫ్‌లోనైతే ఏది ఎక్కడున్నదో తెలిపే పట్టిక ఉంటుంది; నేరుగా ఆ పుటకే వెళ్ళవచ్చు.

నేటి లినక్స్‌లోనూ అదే పద్ధతి నడుస్తున్నది. ఏతం తోడిన నీరు మడి నుంచి మడికి పారినట్లు, ట్రాఫ్ వారసుడైన ‘జీరాఫ్’ కూర్చినది ‘ఘోస్ట్‌స్క్రిప్ట్’ చేతికి అందుతుంది. అది పీడీఎఫ్‌గా మార్చి ఇస్తుంది. రెండూ ఉచితమే.

అయితే తెలుగువారికి ఇక్కడొక చిక్కు ఉన్నది. పీడీఎఫ్ ప్రధానంగా భద్రపరచేది అక్షరాల రూపాన్ని. ఏ రూపం ఏ అక్షరానిదో తెలిపే పట్టిక లోపిస్తే, పుట ముత్యాలకోవలా కనబడుతుంది. కాని ‘లక్ష్మి’ అని వెతికితే దొరకదు. యూనికోడ్‌కు పూర్వపు ఫాంట్లతో చేసిన పుస్తకాల నుంచి ఒక పేరా నకలు తీస్తే రోమన్ లిపిలో అర్థంలేని గీతలు వస్తాయి. చూపులేనివారికి చదివి వినిపించే ప్రోగ్రాము కూడా వాటినే వల్లిస్తుంది.

అందుచేత పీడీఎఫ్ చేసిన వెంటనే ‘పీడీఎఫ్‌టుటెక్స్ట్’తో అందులోని పాఠాన్ని బయటికి తీసి చూడటం మంచిది. ఒత్తులు, గుణింతాలు చెదిరి కనిపిస్తే, మూలప్రతిని పారవేయరాదు.