ఎలుక భయం – ప్రయోగ సత్యం

చేత చిక్కిన ఎలుక గుండె దడదడలాడుట మనమెరిగినదే. కాని ఆ భయం దాని రక్తంలో ఒక రసాయనంగా చేరుతుందనీ, దానిని లెక్కలోనికి తీసుకొనని శాస్త్రజ్ఞుడు తన ప్రయోగ ఫలితాన్నే తప్పుగా గ్రహించే ప్రమాదమున్నదనీ ఎందరెరుగుదురు?

మనకు వలెనే ఎలుకకు గూడ మూత్రపిండాల ఎగువన అధివృక్క గ్రంథులనే రెండు చిన్న గ్రంథులుంటాయి. ఒక్కొక్క గ్రంథిలో లోపలిది దవ్వ, వెలుపలిది వల్కలం. ప్రమాదం ఎదురైన క్షణంలోనే దవ్వ నుండి అడ్రినలిన్ వెలువడి గుండె వేగాన్ని హెచ్చిస్తుంది. వల్కలం పని కొంత నిదానం. మెదడులోని హైపోథాలమస్ పీయూష గ్రంథికీ, పీయూష గ్రంథి వల్కలానికీ రసాయన సందేశాలు పంపగా, కార్టికోస్టిరోన్ అనే హార్మోను రక్తంలో చేరుతుంది. శరీరానికి గ్లూకోజు సమకూర్చుట దాని ముఖ్య ధర్మం. తగినంత చేరిన పిదప అదే మెదడును హెచ్చరించి తన ఉత్పత్తిని తగ్గించుకొంటుంది.

మానవునికీ ఎలుకకూ ఇక్కడ రెండు భేదాలున్నవి. మనలో ప్రధానమైనది కార్టిసాల్. దానిని తయారుచేయుటకు వలసిన ఎంజైము ఎలుక, చుంచెలుకల వల్కలంలో లేదు గనుక కార్టికోస్టిరోన్ ఆ స్థానం వహిస్తుంది. రెండవది కాలభేదం. ఈ స్రావం మనలో ఉదయం హెచ్చుగా ఉంటుంది. నిశాచరమైన ఎలుకలో సాయంసంధ్యవేళ హెచ్చుతుంది. కావున ఉదయం తీసిన రక్తాన్ని సాయంకాలం తీసిన రక్తంతో పోల్చరాదు.

1936లో కెనడాలో హాన్స్ సెలై చలి, గాయం, అతిశ్రమ మున్నగు బాధలకు ఎలుకలను గురిచేసి చూచాడు. బాధ ఏదైనా ఫలితమొక్కటే: అధివృక్క గ్రంథులు ఉబ్బినవి, బాలగ్రంథి కుంచించుకొనిపోయినది, జీర్ణాశయంలో పుండ్లు పడినవి. అంతకుముందే మన దేశంలో కూనూరులో పరిశోధించిన రాబర్ట్ మెకారిసన్, పోషకలోపంగల ఆహారం తిన్న పావురాలలో ఈ గ్రంథులు పెరుగుట గమనించాడు. 1918లో ఆయన కూనూరులో ప్రారంభించిన చిన్న పరిశోధనశాలయే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థగా ప్రసిద్ధమైనది. మన నిజాంపేట నుండి నగరం దాటి తార్నాక చేరితే ఆ సంస్థ కనబడుతుంది. అక్కడి ఎలుకల సంతతిలో 1990 దశకంలో బయటపడిన స్థూలకాయపు ఎలుకల వంశం, స్థూలకాయ, మధుమేహాల పరిశోధనకు ఉపకరిస్తున్నది.

అట్టి పరిశోధనలోనే మెలకువ అత్యవసరం. ఎలుకను మోటుగా పట్టినచో అధివృక్క స్రావాలు హెచ్చి, రక్తంలో చక్కెర పెరుగుతుంది. అది మందు ఫలమా, భయ ఫలమా అన్నది తేల్చుట ఎట్లు? పంజరం కదిలించిన సుమారు 3 నిమిషాలలోపుగా రక్తం తీసినచో ఆ భయపు ఛాయ కొలతపై అంతగా పడదు. ముందునుండి మెల్లగా చేతులలోనికి తీసుకొని అలవాటు చేసిన ఎలుక అంతగా బెదరదు.

మూగజీవిపై దయ చూపుట ధర్మమని పెద్దలు చెప్పినారు. ప్రయోగశాలలో అది సత్యాన్వేషణకు గూడ తొలి మెట్టు. రేపు ప్రయోగశాలలో అడుగిడనున్న మన విద్యార్థులు పరికరాలను పట్టుటకు ముందు ఎలుకను పట్టుట నేర్చుకొందురు గాక!