ఎడారి నుంచి మంచు దాకా: చలికి పిస్టల్ ఎందుకు మొరాయిస్తుంది?

2010 జూలైలో దోహాలో ఉష్ణోగ్రత 50.4 డిగ్రీలకు చేరింది. అదే ఖతార్‌లో, సౌదీ సరిహద్దు దగ్గరి అబూ సమ్రాలో 2017 ఫిబ్రవరిలో 1.5 డిగ్రీలు నమోదైంది. ఆ మాత్రం చలికే మనం పెట్టెల అడుగున దాచిన స్వెటర్లన్నీ బయటికి తీస్తాం! మరి మన దేశానికి ఉత్తరాన, సియాచిన్ హిమానీనదం మీద కాపలా కాసే జవాన్ల సంగతి? చలికాలంలో అక్కడ ఉష్ణోగ్రత మైనస్ 50 డిగ్రీల దాకా పడిపోతుంది. అంత చలిలో మనిషే కాదు, మనిషి చేతిలోని ఆయుధం కూడా బిగుసుకుపోతుంది.

ఉక్కుతో చేసిన పిస్టల్‌ను చలి ఏం చేయగలదు? మన పిల్లలు తప్పక అడిగే ప్రశ్న ఇది. దీనికి జవాబు దోహాలోని మన ఇళ్ళలోనే దొరుకుతుంది.

ముందు, పిస్టల్ ఎలా పనిచేస్తుంది?

ట్రిగ్గర్ నొక్కగానే లోపలి చిన్న సూది తూటా వెనుక భాగాన్ని గట్టిగా కొడుతుంది. ఆ దెబ్బకు నిప్పురవ్వ పుట్టి, తూటాలోని మందు మండి, గుండు ముందుకు దూసుకుపోతుంది. అదే శక్తితో పిస్టల్ పైభాగం (దీన్ని స్లైడ్ అంటారు) వెనక్కి జరిగి ఖాళీ తొడుగును బయటికి విసిరేస్తుంది. వెంటనే స్ప్రింగ్ దాన్ని ముందుకు తోస్తుంది, కొత్త తూటా లోపలికి వస్తుంది. ఇదంతా రెప్పపాటులో జరిగిపోవాలి. ఈ వరుసలో ఏ ఒక్కటి నెమ్మదించినా పిస్టల్ ఆగిపోతుంది. చలి చేసేది సరిగ్గా ఇదే: ఒక్కో భాగాన్నీ కొంచెం కొంచెం నెమ్మదింపజేస్తుంది.

మొదటి శత్రువు: నూనె

ఆగస్టు ఎండల్లో కూడా ఏసీ గదిలో ఉంచిన కొబ్బరినూనె సీసా గడ్డకట్టడం మీరు చూసే ఉంటారు. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దిగువన గట్టిపడుతుంది. తలకు రాసుకోవాలంటే అమ్మ ఆ సీసాను కాసేపు వేడినీళ్ళలో ఉంచాల్సిందే!

తుపాకులకు వేసే నూనెలు అంత త్వరగా గడ్డకట్టవు. కానీ మామూలు నూనె మైనస్ 30, మైనస్ 40 డిగ్రీల దగ్గర చిక్కబడి జిగురులా తయారవుతుంది. అందులో స్లైడ్ కదలాలంటే కష్టం. సూది కూడా నెమ్మదిగా వెళ్ళి తూటాను మెల్లగా తాకుతుంది. రవ్వ పుట్టదు, తూటా పేలదు. 1941 చలికాలంలో మాస్కో ముంగిట జర్మన్ సైన్యానికి ఎదురైన కష్టాల్లో ఇదొకటి. తుపాకుల్లోని నూనె చిక్కబడి ఆయుధాలు పనిచేయడం మానేశాయి.

అందుకే మంచు ప్రాంతాల్లో పనిచేసేవారు పాత నూనెను పూర్తిగా తుడిచేసి, చలికి చిక్కబడని ప్రత్యేకమైన నూనెను అతి పలుచగా రాస్తారు. కొన్ని చోట్ల నూనెకు బదులు గ్రాఫైట్ పొడి వంటి పొడి పదార్థాలు వాడతారు. విచిత్రమేమిటంటే మన ఎడారిలోనూ ఎక్కువ నూనె పనికిరాదు. గాలిలో ఎగిరివచ్చే ఇసుక నూనెకు అంటుకుని సాన పట్టే ముద్దలా మారుతుంది. ప్రేమ ఎక్కువై పూసిన నూనే ఆయుధాన్ని చెడగొడుతుందన్నమాట. అతి ఎక్కడైనా చేటే!

రెండో శత్రువు: చెమ్మ

వేసవిలో చల్లని కారులోంచి దిగగానే కళ్ళజోడు తెల్లగా మసకబారుతుంది కదా? దోహా గాలిలోని తేమ చల్లని అద్దానికి తగిలి నీటి బిందువులుగా మారడమే దీనికి కారణం. మనకైతే తుడుచుకుంటే సరిపోతుంది.

మంచు కొండల మీద ఇదే పని ప్రాణాల మీదికి తెస్తుంది. బయట మైనస్ 30లో ఉన్న పిస్టల్‌ను వెచ్చని గుడారంలోకి తెస్తే, లోపలి గాలిలోని తేమ దాని భాగాలన్నిటి మీదా చెమ్మగా పేరుకుంటుంది. దాన్ని మళ్ళీ బయటికి తీసుకెళ్ళగానే ఆ చెమ్మ మంచుగా గడ్డకట్టి స్ప్రింగులనూ సూదినీ పట్టేస్తుంది. అందుకే ధ్రువ ప్రాంతాల సైనికులకు మొదట నేర్పే పాఠాల్లో ఇదొకటి: ఆయుధాన్ని చలిలోనే, మంచు పడకుండా కప్పి ఉంచాలి. లోపలికి తెస్తే మాత్రం అది పూర్తిగా వేడెక్కేదాకా ఆగి, విప్పి, తుడిచి, ఆరబెట్టాకే మళ్ళీ బయటికి తీసుకెళ్ళాలి.

మూడో శత్రువు: బలహీనపడే శక్తి

చలిలో తూటాలోని మందు కూడా కాస్త మందగిస్తుంది. ఒత్తిడి తగ్గుతుంది, స్లైడ్ వెనక్కి జరిగే ఊపూ తగ్గుతుంది. ఒకవైపు చిక్కబడిన నూనె, మరోవైపు తగ్గిన ఊపు. ఖాళీ తొడుగు బయటికి రాక మధ్యలోనే ఇరుక్కుంటుంది.

క్రీడల్లో వాడే ఎయిర్ పిస్టళ్ళ కథ కూడా ఇలాంటిదే. ఒకప్పుడు వాటిలో కార్బన్ డయాక్సైడ్ వాయువు నింపేవారు. ద్రవంగా నింపిన ఆ వాయువు ఒత్తిడి 20 డిగ్రీల దగ్గర మామూలు గాలి పీడనానికి సుమారు 57 రెట్లు ఉంటుంది. సున్నా డిగ్రీలకు వచ్చేసరికి సుమారు 35 రెట్లకు పడిపోతుంది. వాతావరణం మారితే గుండు వేగమూ మారిపోతుంది. అందుకే పోటీ షూటర్లు ఇప్పుడు ఒత్తిడితో నింపిన మామూలు గాలినే వాడుతున్నారు. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు గెలిచింది. అందులో రెండు రజతాలు ఎయిర్ పిస్టల్‌తో సాధించినవే.

పిస్టల్ పోటీలంటే దోహా పాతకాపులకు 2006 డిసెంబరు గుర్తురాక మానదు. వానలో తడిసిన ఆ ఆసియా క్రీడల్లో జస్పాల్ రాణా జ్వరంతో ఉండి కూడా పిస్టల్ విభాగంలో మూడు స్వర్ణాలు గెలిచారు. సెంటర్ ఫైర్ పిస్టల్‌లో 590 పాయింట్లతో ప్రపంచ రికార్డును సమం చేశారు. తర్వాతి కాలంలో ఆయన శిక్షణలోనే మను భాకర్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో రెండు కాంస్యాలు అందుకుంది.

చలి దేశాలు వెతుక్కున్న దారులు

ఫిన్లండ్ వారికి చలి కొత్త కాదు. ఐమో లాహ్తి అనే ఫిన్లండ్ ఆయుధ నిపుణుడు రూపొందించిన ఎల్-35 పిస్టల్‌ను ఆ దేశ సైన్యం 1935లో స్వీకరించింది. చలిలో తగ్గిపోయే ఊపును భర్తీ చేయడానికి, కదిలే భాగాన్ని వెనక్కి ఇంకాస్త వేగంగా తోసే ఒక చిన్న మీట అందులో అమర్చారు. మంచు, మట్టి లోపలికి చొరబడకుండా దాన్ని బాగా మూసి ఉంచేలా తయారుచేశారు. 1939 నవంబరు 30న సోవియట్ సైన్యం ఫిన్లండ్ మీదికి వచ్చింది. మైనస్ 40 డిగ్రీల దాకా పడిపోయిన ఆ చలికాలపు యుద్ధంలో ఈ పిస్టల్ కూడా పాల్గొంది.

గ్రీన్‌లాండ్ ఈశాన్య తీరంలో డెన్మార్క్‌కు చెందిన సిరియస్ దళం కుక్కలు లాగే బండ్ల మీద ఇద్దరేసి చొప్పున గస్తీ తిరుగుతుంది. అక్కడ వారికి ఎదురయ్యే పెద్ద ముప్పు ధ్రువపు ఎలుగుబంటి. వారి నడుముకు 10 మిల్లీమీటర్ల గ్లాక్ 20 పిస్టల్, భుజాన మొదటి ప్రపంచయుద్ధ కాలపు నమూనా రైఫిల్ ఉంటాయి. అంత పాత రైఫిల్ ఎందుకంటే, దాని బోల్టును చేత్తో లాగి తూటా ఎక్కించాలి. యంత్రం ఊపు తగ్గినా మనిషి చేయి ఆ పని పూర్తిచేస్తుంది.

సియాచిన్‌లో మనవాళ్ళు

భారత సైన్యం 1984 ఏప్రిల్ 13న ఆపరేషన్ మేఘదూత్‌తో సియాచిన్‌ను స్వాధీనం చేసుకుంది. 1987 జూన్‌లో నాయబ్ సుబేదార్ బాణా సింగ్ బృందం సుమారు 21 వేల అడుగుల ఎత్తున ఉన్న శిఖరాన్ని గెలుచుకుంది. ఆ దాడిలో చలికి తుపాకులు మొరాయించాయి. చివరి పోరాటం గ్రెనేడ్లతో, బాయొనెట్లతో సాగింది. బాణా సింగ్‌కు పరమవీర చక్ర లభించింది. ఆ శిఖరం మీది స్థావరాన్ని ఇప్పుడు బాణా పోస్టు అంటారు.

అక్కడ ఒట్టి చేత్తో లోహాన్ని తాకితే చర్మం అంటుకుపోతుంది. దళసరి చేతితొడుగులతో ట్రిగ్గర్ నొక్కడమే ఒక విద్య. బిగుసుకున్న ఆయుధాలను కిరోసిన్ స్టవ్‌ల వేడితో కదిలించాల్సిన రోజులున్నాయి.

2003 నవంబరు నుంచి అక్కడ కాల్పుల విరమణ ఉంది. అయినా ప్రాణాలు పోవడం ఆగలేదు. 2016 ఫిబ్రవరి 3న 19 వేల అడుగులకు పైగా ఎత్తున మద్రాస్ రెజిమెంటుకు చెందిన పదిమంది జవాన్లను మంచు కప్పేసింది. వారిలో అప్పటి మన కర్నూలు జిల్లా పార్నపల్లెకు చెందిన సిపాయి ముస్తాక్ అహ్మద్ ఒకరు. సియాచిన్‌లో తూటాల కంటే చలి, మంచు బలిగొన్న వారే ఎక్కువ. సరైన నూనె, పొడిగా తుడిచిన ఆయుధం, వెచ్చని చేతితొడుగు: వినడానికి చిన్న విషయాలే గానీ అక్కడ ఒక మనిషి ఇంటికి తిరిగి రావడం వీటి మీదే ఆధారపడి ఉంటుంది.

మీకు తెలుసా?

అంతరిక్షంలో నడిచిన తొలి మనిషి అలెక్సీ లియోనోవ్ 1965 మార్చిలో తిరిగి వస్తూ అనుకున్న చోట కాక ఉరల్ ప్రాంతపు మంచు అడవిలో దిగారు. అక్కడ ఎలుగులు, తోడేళ్ళ భయం. ఆ అనుభవంతో సోవియట్ నిపుణులు వ్యోమగాముల కోసం మూడు గొట్టాల టీపీ-82 పిస్టల్‌ను తయారుచేశారు. అది 1986 నుంచి వాడుకలోకి వచ్చింది. హైదరాబాద్‌లో పెరిగిన మన రాకేశ్ శర్మ అంతకు రెండేళ్ళ ముందే, 1984లో అంతరిక్షయానం చేసి వచ్చారు.

పిల్లలూ, చేసి చూడండి!

రెండు స్టీలు చెంచాలను గంటసేపు ఫ్రీజర్‌లో ఉంచండి. ఒకదాన్ని తీసి వెంటనే మూతపడే ప్లాస్టిక్ సంచిలో పెట్టి, గాలి తీసేసి మూసేయండి. రెండోదాన్ని బల్ల మీదే ఉంచండి. ఐదు నిమిషాల తర్వాత ఏ చెంచాకు చెమ్మ పట్టిందో గమనించండి. చల్లని గదిలోంచి కెమెరాను కార్నిష్‌కు తీసుకెళ్ళేటప్పుడు సంచిలో ఎందుకు పెట్టాలో మీకే అర్థమవుతుంది. చల్లని చెంచాను చేతిగుడ్డతోనే పట్టుకోండి, నాలుకతో మాత్రం తాకవద్దు!

అమ్మానాన్నలకు ఒక మాట

సెలవులకు ఊరికి బయల్దేరేటప్పుడు పిల్లల బొమ్మ పిస్టళ్ళను విమానంలోకి తీసుకెళ్ళే చేతిసంచిలో పెట్టకండి. భద్రతా తనిఖీలో ఆపేస్తారు. నిజమైన ఆయుధం శిక్షణ పొందినవారి చేతిలో, అనుమతి ఉన్న చోట మాత్రమే ఉండాలని పిల్లలకు చెప్పండి. షూటింగ్ మీద ఆసక్తి ఉన్న పిల్లలుంటే, గుర్తింపు పొందిన రేంజిలో శిక్షకుల దగ్గరే నేర్పించండి.