ఓడ దిగి సముద్రతీరమునకు: పసిబిడ్డలతో ఒక పూట

శ్రీసిటీలో కాపురముండు మనకు సముద్రము దూరము కాదు. అట్లని చేరువయు కాదు. తూర్పుగా తడ దాటినంతనే పులికాట్ సరస్సు అడ్డుపడును. సరస్సున కావల శ్రీహరికోట, దాని కావల బంగాళాఖాతము. అచ్చట రాకెట్లకే గాని స్నానములకు తావు లేదు. మన పిల్లలు మేడమీద నిలుచుండి నిప్పులు గ్రక్కుచు లేచు రాకెట్టును జూచియుందురు. చలికాలమున సూళ్లూరుపేట దారిని ఫ్లెమింగో పక్షుల గుంపులను జూచియుందురు. కాని అలలో పాదము మోపినవారు వారిలో నెందరు? మా పెద్దవాడు ఆరవయేడు వచ్చువరకు సముద్రమనగా పులికాటే యని నమ్మియుండెను.

2022 జూన్ మాసమున మన ప్రాంతమువారికి ఒక క్రొత్త దారి తెరచుకొనినది. చెన్నై రేవునుండి ‘ఎంప్రెస్’ అను విహారనౌక విశాఖపట్టణమునకు నడచినది. 1990లో ‘నార్డిక్ ఎంప్రెస్’ అను పేర దేశాంతరమున ప్రయాణములు మొదలిడిన ఓడయే యిది. 2023 జూన్‌లో చెన్నైనుండి సింహళమునందలి హంబన్‌టోట, త్రికోణమలై, కాంకేశంతురై రేవులకును యాత్ర ఆరంభమయ్యెను. ఆ సంవత్సరము సెప్టెంబరులో విశాఖ రేవునందు ఇట్టి నౌకలకొఱకే యొక టెర్మినల్ తెరవబడినది. ఏ ఋతువున ఏ రేవునకు ఓడ నడచునో సంస్థలవారు మార్చుచుందురు గనుక, టిక్కెట్టు కొనుటకు ముందే విచారించుకొనవలెను. మన యిండ్లనుండి చెన్నై రేవు ఒక పూట ప్రయాణము కూడ కాదు.

ఓడలోని విందులు, వినోదములు వర్ణించుట నా యుద్దేశము కాదు. వానిని గూర్చి ప్రకటనలే కావలసినంత చెప్పుచున్నవి. ఓడ రేవున నిలిచిన దినమున, పసిబిడ్డల తల్లి తన పిల్లలను దీసికొని తానుగా సముద్రతీరమునకు పోయి, వేళకు మరల ఓడ జేరుట యెట్లు? ప్రకటనలు చెప్పనిది ఇదియే.

ఓడవారు తామే బస్సులు కుదిర్చి ఊరు చూపింతురు. పెద్దవారికి అది మేలే. విశాఖలో నొక బస్సెక్కితిమా, సింహాచలము, కైలాసగిరి, మ్యూజియము, అంగళ్లు అన్నియు నొక దినముననే తిప్పుదురు. మూడేండ్ల బిడ్డకు ఇన్ని యేల? దానికి కావలసినది గుప్పెడు ఇసుక, ఒక చెంబు, ఒక యల. ఇందుకొఱకే మేము బస్సు మానుకొంటిమి. కాని యొక భేదమును మరువరాదు. ఓడవారి బస్సు ఆలస్యమైనచో ఓడ దానికొఱకు సాధారణముగ వేచియుండును. మనముగా పోయి ఆలస్యము చేసినచో ఓడ ఆగదు. విశాఖలో ఓడ తప్పినచో చెన్నై దాదాపు 800 కిలోమీటర్లు. రైలు టిక్కెట్టు మనదే, రాత్రి జాగరణయు మనదే. ఆధారు కార్డులు, ఓడవారిచ్చిన గది కార్డు, కొంత రొక్కము, పిల్లల మందులు గదిలో దాచిపెట్టక చేతిసంచిలోనే యుంచుకొనవలెనని చెప్పుటకు కారణమిదియే. సింహళమునకు పోవువారు చంటిబిడ్డకు సైతము పాస్‌పోర్టు తీసికొనవలెను. అచ్చటి గడియారము మన గడియారమే గనుక వేళలో తికమక లేదు.

ఇక లెక్క చూతము. ఓడ ఉదయము 8 గంటలకు ఆగి సాయంకాలము 6 గంటలకు బయలుదేరుననుకొందము. పది గంటలు చేత నున్నవని సంతోషింతుము. కాని దిగుటకు వరుసలో నిలుచుట, తనిఖీలు, రేవు ద్వారము దాటుట, ఇవి యన్నియు ముగియుసరికి 9 దాటును. సాయంకాలము ఓడ కదలుటకు గంట ముందే అందఱును లోపల నుండవలెను. మనము దానికి మఱియొక గంట ముందు రేవు ద్వారమున నుండవలెను. మిగిలినవి ఏడు గంటలు. అందు పదకొండు మొదలు మూడువఱకు గల యెండ పిల్లలను ఇసుకలో నిలుపదగినది కాదు. అనగా పది గంటల దినములో బిడ్డ నీటిచెంత నుండదగిన కాలము ఉదయము గంటన్నర. మగవారు ఈ లెక్క వినినచో నవ్వుదురు. మా యింటివారును నవ్విరి. కాని ఆ గంటన్నరయే పిల్లలకు చాలును. దానిని పొడిగింపబోయినపుడే ఏడుపులు, జ్వరములు, పరుగులు వచ్చును.

ఏ తీరమునకు పోవలెను? రామకృష్ణా బీచి రేవునకు దగ్గఱ, చూచుటకు అందము, కాని స్నానమునకు నమ్మదగినది కాదు. అచ్చట ప్రాణములు గోల్పోయినవారి వార్తలు పత్రికలలో తఱచు చదువుచునేయున్నాము. ఋషికొండ కొంత దూరము. ఆటోలోనో టాక్సీలోనో ముప్పావు గంట పట్టవచ్చును. ఆ తీరమునకు 2020లో ‘బ్లూ ఫ్లాగ్’ అను అంతర్జాతీయ గుర్తింపు వచ్చెను. నీటి శుభ్రత, మరుగుదొడ్లు, స్నానపు హద్దులు, ప్రాణరక్షకులు చూచి యిచ్చు గుర్తింపు అది. యారాడ మిక్కిలి సుందరమైనను డాల్ఫిన్ కొండకు వెనుకనున్నది, ఘాటుదారి, తిరుగు బండి దొరకునో లేదో. ఓడ గడియారము వెన్నంటి తరుముచుండగా అట్టి చోటికి పిల్లలతో పోరాదని నా అభిప్రాయము. మేము ఋషికొండకే పోయితిమి. పోవునప్పుడే బండివానితో తిరుగు ప్రయాణమునకు గూడ మాటలాడుకొని, సగము కూలి మాత్రమే యిచ్చితిమి.

నీటి సంగతి కొంచెము విపులముగ వ్రాయవలసియున్నది. మనము నదీస్నానములకు అలవాటుపడినవారము. నెమ్మదిగానున్న నీరు మేలని నమ్ముదుము. సముద్రమున అది విపరీతము. అలలు తెల్లగా విరుగుచున్న తీరమున నడుమ నొకచోట అలలు విరుగక, నీరు కొంచెము నల్లగ, శాంతముగ కన్పించును. ఎరుగని తల్లి పిల్లలకు తగిన తావు ఇదియే యనుకొనును. ఒడ్డునకు వచ్చిన నీరంతయు మరల లోనికి మరలిపోవు దారి అదియే! మోకాలిలోతున నున్న పెద్దవారిని సైతము అది తడబడజేయును. బిడ్డ మాట చెప్పనేల? అందు చిక్కినవారు ఒడ్డువైపునకు ఎదురీది అలసిపోక, ఒడ్డునకు సమాంతరముగ ప్రక్కకు ఈది, ఆ పాయ దాటినపిదప ఒడ్డునకు రావలెను. ఈత రానివారు చేయి పైకెత్తి పిలుచుచు తేలియుండుటకే ప్రయత్నింపవలెను.

ఎఱ్ఱజెండా యెగురుచున్నచో నీటిలో దిగనే రాదు. సగమెఱుపు, సగము పసుపు జెండాలు రెంటి నడుమ ప్రాణరక్షకులు కాచుచుందురు. అదియే మన హద్దు. హైదరాబాదులో 1999లో నెలకొల్పబడిన ‘ఇన్‌కాయిస్’ అను సముద్ర సమాచార కేంద్రమువారు అలల యెత్తును, ఉప్పెన హెచ్చరికలను ముందుగా తెల్పుచున్నారు. వాన కబురు చూచుకొనునట్లే బయలుదేరు ముందు దీనిని జూచుకొనుట ఎంత పని? నైరుతి ఋతుపవనముల నెలలలో సముద్రము పొంగి యుండును. అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు తుపానుల కాలము. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖనే తాకినది. మన తీరమునకు జనవరి, ఫిబ్రవరి నెలలు మేలు. త్రికోణమలైవైపు లెక్క వేఱు. అచ్చటి ఉప్పువెలి, నిలావెలి తీరములు మే మొదలు సెప్టెంబరు వఱకు శాంతముగ నుండును.

ఇంతయు తెలిసినదాననయ్యు నేను చేసిన పొరపాటును దాచను. మా అమ్మాయికి మూడేండ్లు. దానికొఱకు ఇంటినుండియే యొక గాలిరింగు కొనిపోయితిని. రంగు రంగుల బాతుబొమ్మ గలది. దానిని నడుమునకు తగిలించి పిక్కలలోతు నీటిలో నిలిపితిని. అబ్బాయి తండ్రితో ఇసుకగూడు కట్టుచుండెను. అత్తగారు గొడుగు నీడను గూర్చుండిరి. ఓడవారు వేళ మార్చిరేమోయను శంకతో నేను ఫోను తీసి చూచితిని. అంతే. మరలిపోవు అల రింగును లేపినది. కొండవైపునుండి వీచుచున్న గాలి దానిని పట్టినది. ఈల వినబడి తలయెత్తుసరికి బిడ్డ నాకు ఆరేడు అడుగుల దూరమున నుండెను. అడుగు వేయబోయిన నాకు కాలిక్రింది ఇసుక జారిపోయినది. ప్రాణరక్షకుడొకడు నాకంటె ముందే దూకి రింగును పట్టి లాగుకొని వచ్చెను.

బిడ్డ అరవలేదు, ఏడ్వలేదు. కన్నులు పెద్దవి చేసికొని చూచుచుండెను. నన్నిప్పటికిని కలచునది ఆ నిశ్శబ్దమే. నీటిలో మునుగు బిడ్డ కేకలు వేయునని మనమనుకొందుము. నోటిలో నీరు నిండుచుండగా కేక యెట్లు వచ్చును? 2021లో లోకమంతట దాదాపు 3 లక్షలమంది నీట మునిగి మరణించిరనియు, అందు నాలుగవవంతు అయిదేండ్లలోపు బిడ్డలే యనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది.

అందుచేత నేనిపుడు పాటించు కట్టుబాట్లు ఇవి. గాలిరింగు సముద్రమునకు తేరాదు. అది ఆటవస్తువే గాని రక్షణ కాదు. ఒక్కొక్క పసిబిడ్డకు ఒక్కొక్క పెద్దవారు, చేయి చాచిన అందునంత దూరములో. ఎవరి వంతు వారిదని నోటితో చెప్పుకొనవలెను. ‘అందఱును చూచుచున్నారు’ అనగా ఎవరును చూచుట లేదన్నమాట. కావలియున్న వారి చేత ఫోను ఉండరాదు. నీరు బిడ్డ మోకాలు దాటరాదు. బట్టల సంగతి యొకటి: నీలము, తెలుపు నీటిలో కలిసిపోవును; నారింజ, పసుపు దూరమునుండియు కన్పించును. ఆనాడు మా అమ్మాయికి నీలపు గౌను తొడిగించితిని! బిడ్డ ముంజేతిపై తండ్రి ఫోను సంఖ్యను సిరాతో వ్రాయుట మంచిది. జనసమ్మర్దములో బిడ్డలు నీటికంటె ముందే తప్పిపోవుదురు. ఇసుకలో నీలిబుడగవలె పడియుండు జెల్లీజాతి ప్రాణిని, చచ్చినదైనను, ముట్టనీయరాదు.

తిండి విషయమున నాకు పెద్ద పట్టింపు లేదు. పెరుగన్నము ఎండకు పులియును. అరటిపండ్లు, మరమరాలు, పొడి చల్లిన ఇడ్లీలు చాలును. నీళ్లు మాత్రము మనమనుకొన్నదానికి రెట్టింపు తీసికొనవలెను. అందొక సీసా కాళ్ల ఇసుక కడుగుటకే పోవును. ఓ.ఆర్.ఎస్. పొట్లములు రెండు, పొడి బట్టలు, నూలు తువాళ్లు, పొడుగుచేతుల చొక్కాలు. ముంత మసాలా తినవలెనని పెద్దవారికి కోరిక యున్నచో తిరిగి వచ్చునపుడు తినవచ్చును.

పదకొండు గంటలకే తీరము విడిచితిమి. అబ్బాయి అలిగెను. మధ్యాహ్నము నీడపట్టున నుండుటకు కురుసుర జలాంతర్గామి మ్యూజియము మాకు చక్కగ నుపకరించినది. 1969లో మన నౌకాదళమున జేరి 2001లో విశ్రమించిన నౌక అది; 2002లో ఇసుకపై కెక్కించి మ్యూజియము చేసిరి. సోమవారము తెరవరు, తక్కిన దినములలోను వేళలు ముందుగా కనుగొనవలెను. ఆ యిరుకు గదులలో నావికులు నిద్రించిన బల్లలు చూచి అబ్బాయి అలుక మరచెను.

నాలుగుంబావునకు రేవు ద్వారము జేరితిమి. దారిలో అత్తగారు ఒక్క మాటయు అనలేదు. బయలుదేరుటకు ముందు “నీటితో నిప్పుతో చెలగాటము వద్దమ్మా” అని పదిసార్లు చెప్పినవారు వారే గదా, ఇపుడు దెప్పుదురని భయపడితిని. గదిలో పిల్లల కొప్పులో ఇసుక దులుపుచు మెల్లగ అడిగిరి: “మరల పోవుదువా, అమ్మాయీ?”

“పోవుదును, అత్తా. రింగు లేకుండ.”

“అయితే ముందు దగ్గఱలో నేర్పించుము” అనిరి.

ఆ మాట నాకు తోచనందులకు సిగ్గుపడితిని. ఓడ యెక్కుటకు నెల దినములు ముందే మన వాకాడు మండలములోని తూపిలిపాళెము తీరమునకు పిల్లలను ఒకటి రెండుసార్లు తీసికొనిపోయియుండవలసినది. ఆ చేరువనున్న దుగరాజపట్టణమున, మదరాసునకు పోకపూర్వము, ఆంగ్లేయులు వర్తకశాల పెట్టుకొనియుండిరి. పెద్దపిల్లలకు చెప్పుటకు అదియొక కథ. అచ్చట ఓడ తొందర లేదు. అల వచ్చినపుడు తల్లి చేయి పట్టుకొనుట, పిలిచిన వెంటనే నీరు విడిచి వచ్చుట, ఈ రెండును బిడ్డకు అలవడినవో లేవో అచ్చటనే తేలిపోవును. పిలిచిన రాని బిడ్డను ఓడప్రయాణమున ఇసుకలో ఆడింపవచ్చును, నీటిలో దింపరాదు.

క్రిందటి నెల రెండు ఆదివారములు మేము అచ్చటికి పోయివచ్చితిమి. అబ్బాయి మొదటి పిలుపునకే వచ్చుచున్నాడు. అమ్మాయి మూడవ పిలుపునకు గాని రాదు. కావున వచ్చు ఫిబ్రవరి ప్రయాణమున అది చెంబుతో ఒడ్డుననే యుండును.