71 హోమ్ రన్‌లు: ఒక రిలీఫ్ పిచర్ ఖాతా

క్రికెట్‌లో సిక్సర్ ఎటువంటిదో, అమెరికన్ల అభిమాన క్రీడయైన బేస్‌బాల్‌లో హోమ్ రన్ అటువంటిది. బ్యాటర్ కొట్టిన బంతి నేల తాకకుండా కంచె దాటిపోతే అతనికి మాత్రమేగాక, ఆ సమయాన బేస్‌లపై నిలిచియున్న సహచరులందరికీ పరుగులు లభిస్తాయి. ఒకే దెబ్బకు నాలుగు పరుగుల వరకు రావచ్చును. ఆ హోమ్ రన్ మాత్రం బంతి విసిరిన పిచర్ పేరిట జీవితకాలపు లెక్కలో చేరిపోతుంది.

ఆట ఆరంభించిన పిచర్ అలసినపుడు అతని స్థానంలో వచ్చేవాడు రిలీఫ్ పిచర్. వారిలో స్వల్ప ఆధిక్యాన్ని నిలబెడుతూ, సాధారణంగా చివరిదైన తొమ్మిదవ ఇన్నింగ్స్‌ను ముగించేవానిని 'క్లోజర్' అంటారు. కాపాడిన విజయానికి అతనికి 'సేవ్' దక్కుతుంది. కాపాడలేకపోతే, సహచరులు గంటల తరబడి శ్రమించి కూడబెట్టినదంతా ఒక్క బంతితో కరిగిపోతుంది.

1988 వరల్డ్ సిరీస్ తొలి ఆటలో జరిగినది ఇదే. ఓక్లాండ్ క్లోజర్ డెన్నిస్ ఎకర్స్‌లీ మరొక్కరిని అవుట్ చేస్తే గెలుపు ఖాయం. కాళ్ల గాయాలతో కుంటుతూ వచ్చిన కిర్క్ గిబ్సన్ హోమ్ రన్ కొట్టగా లాస్ ఏంజిలిస్ డాడ్జర్స్ 5-4తో గెలిచింది. అదే ఎకర్స్‌లీ 1992లో తన లీగ్‌లో అత్యుత్తమ పిచర్‌గానూ, అత్యంత విలువైన ఆటగాడుగానూ ఎంపికయ్యాడు.

ఈ కఠినమైన కొలమానంతో చూచినపుడు మరియానో రివెరా ఖాతా ఆశ్చర్యం కలిగిస్తుంది. 1969లో పనామా దేశంలో, చేపల వేటే జీవనాధారమైన కుటుంబంలో ఆయన జన్మించాడు. 1995లో న్యూయార్క్ యాంకీస్ పక్షాన రంగప్రవేశం చేసి, అధికభాగం ఆట ఆరంభించే పిచర్‌గా 67 ఇన్నింగ్స్ ఆడి 11 హోమ్ రన్‌లు ఇచ్చాడు. మరుసటి ఏడు రిలీఫ్ బాధ్యతలో 107కు పైగా ఇన్నింగ్స్ ఆడి ఇచ్చినది ఒక్కటే.

1997లో ఆయన క్లోజర్ అయ్యాడు. 'కట్టర్' అనే బంతి ఆయనకు పట్టుబడినది కూడా ఆ ఏడే. సూటిగా వస్తున్నట్లే కనిపించి, చివరి క్షణంలో కొద్దిగా పక్కకు జరుగుతుంది. ఎడమచేతి బ్యాటర్లకు అది బ్యాట్ పిడి వైపు తగిలేది. కంచె దాటవలసిన బంతి నిస్సత్తువగా నేలపై దొర్లేది, బ్యాట్లు విరిగేవి. 2013లో ఆయన వీడ్కోలు సందర్భంగా మిన్నెసోటా జట్టు విరిగిన బ్యాట్లతో చేయించిన ఊగుడు కుర్చీని బహూకరించినది.

పందొమ్మిది సీజన్లలో 1,283 ఇన్నింగ్స్‌కు పైగా ఆడి ఆయన ఇచ్చిన హోమ్ రన్‌లు 71 మాత్రమే. అనగా సుమారు పద్దెనిమిది ఇన్నింగ్స్‌కు ఒకటి. నెలకొల్పిన 652 సేవ్‌ల రికార్డు నేటికీ చెక్కుచెదరలేదు. సీజన్ అనంతరం జరిగే పోటీలలో 141 ఇన్నింగ్స్‌లో ఇచ్చినవి రెండే.

ఆ రెండింటిలో మొదటిది మిగుల చేదైనది. 1997 అక్టోబరులో యాంకీస్ 2-1 ఆధిక్యంలో ఉండి, మరి నలుగురిని అవుట్ చేస్తే క్లీవ్‌లాండ్‌పై సిరీస్ గెలిచేది. ఎనిమిదవ ఇన్నింగ్స్‌లో శాండీ అలొమార్ బంతిని కంచె దాటించి ఆటను సమం చేశాడు. యాంకీస్ ఆ ఆటలోనూ, తరువాతి ఆటలోనూ ఓడి నిష్క్రమించినది. క్లోజర్‌గా రివెరాకు అది తొలి ఏడు.

యాజమాన్యం ఆయనను మార్చలేదు. 1998, 1999, 2000 సంవత్సరాలలో యాంకీస్ వరుసగా వరల్డ్ సిరీస్ గెలిచినపుడు, మూడుసార్లూ చివరి బంతి విసిరినది రివెరాయే. 2001లో అరిజోనా చేతిలో ఆఖరి ఆట మరల చేజారినది. హోమ్ రన్ వల్ల కాదు, దగ్గరలోనే పడిన ఒక మెత్తని దెబ్బ వల్ల. అయినను ఆ స్థానం ఆయనదే అయినది. 2019లో ఓటు వేసిన 425 మందీ ఆయనను బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎన్నుకున్నారు. అట్టి ఏకగ్రీవ గౌరవం పొందిన తొలి క్రీడాకారుడు ఆయనే.

రాత్రి షిఫ్టు ముగింపులో యంత్రాన్ని అప్పగించేవారికి, సంవత్సరాంతపు లెక్కలు సరిచూచేవారికి ఈ ఉద్యోగం అపరిచితమైనది కాదు. సవ్యంగా సాగిన నాళ్లు ఎవరికీ గుర్తుండవు, జారిన ఒక్కనాడే గుర్తుంటుంది. రివెరా ఖాతాలో ఉన్నది సున్న కాదు, 71. వాటిలో ప్రతి ఒక్కదాని తరువాత ఆయన మరల బంతి అందుకున్నాడు, అందించినవారూ ఉన్నారు. ఈ రెండవ మాటను మనం మరువరాదు.