ఇంజను అదురు - దాని అదుపు

అనంతపురము పీఠభూమి వర్షాభావమునకు పేరుపడినది. అచట బావినీరే పెక్కు పైరులకు ప్రాణము. విద్యుత్తు అందని చేలలో డీజిలు ఇంజను ఆ నీటిని పైకి తోడును.

ఒంటి సిలిండరు ఇంజనులలో సాధారణముగా క్రాంకుషాఫ్టు రెండు మారులు తిరుగునప్పటికి ఇంధనము ఒక్కసారియే మండి పిస్టనును త్రోయును. త్రోపు కలిగినపుడు షాఫ్టు వడిగా తిరుగును, పిదప మందగించును. ఈ హెచ్చుతగ్గులను సరిచేయునది బరువైన ఫ్లైవీలు. అది త్రోపులోని శక్తిని తనలో నిలుపుకొని, త్రోపు లేని వేళ తిరిగి ఇచ్చును. పిస్టను రాకపోకల వలన కలుగు అదురును షాఫ్టునకు అమర్చిన ఎదురుబరువులు కొంత తగ్గించును.

2019లో పెనుకొండ చెంత కియా కార్ల తయారీ మొదలైనది. కార్లలోని పెక్కు సిలిండర్ల ఇంజనులందు షాఫ్టు పొడవైనది. వరుస త్రోపులకు అది స్వల్పముగా మెలిపడి విడివడుచుండును. త్రోపుల లయ షాఫ్టు సహజకంపన లయతో కలిసినచో ఉక్కు సైతము విరుగవచ్చును. అందుకై షాఫ్టు ముందుకొనను డాంపరును బిగింతురు. అందలి రబ్బరు, కంపనశక్తిని వేడిగా మార్చి అణచును.

అదురు హెచ్చినచో ఇంజనును వెంటనే ఆపి, ఫ్లైవీలు బిగువును పరీక్షింపవలెను. షాఫ్టు విరిగినచో, బావిలో నీరున్నను వేరుసెనగచేను ఎండిపోవును.