ఫోన్ నంబరు చాలదా?

శ్రీకాకుళం జిల్లా పొందూరులో నూలు వడికే ఆడవాళ్ల చేతిపని చూసినవాళ్లెవరూ వాళ్లకి ఓపిక లేదని గానీ, నేర్పు లేదని గానీ అనలేరు. కొండపత్తిని వాలుగ చేప దవడ పళ్లతో దువ్వి, గింజ తీసి, ఏకులు చేసి, దుమ్ము పడకుండా అరటి దొప్పలో దాచుకుని, రాట్నం మీద వంద కౌంటు నూలు తీస్తారు. ఆ దారం కంటికి ఆనీ ఆనకుండా ఉంటుంది. దాన్ని తెగనివ్వకుండా గంటల తరబడి నడిపించే మనిషే ఆన్‌లైన్ ఫారం ఎదురైతే ఫోను పక్కవాళ్ల చేతిలో పెట్టేస్తుంది. ‘ఏటడుగుతందో సూసి నువ్వే కొట్టీ బాబూ’ అంటుంది. జనానికి డిజిటల్ అక్షరాస్యత తక్కువని ఆఫీసుల్లో చెబుతుంటారు. నేను ఒప్పుకోను. లోపం ఫారానిది.

ఇక్కడ ఒక తేడా పట్టుకోవాలి. పింఛను ఇచ్చేటప్పుడు మనిషి ఎవరో, వయసెంతో తేల్చుకోవడం ప్రభుత్వానికి తప్పదు. డబ్బు సరైన చేతికి అందాలి కదా! కానీ పింఛను ఏ రోజు ఇస్తారు, పథకానికి గడువు ఎప్పుడు, తుపాను ఎటు వస్తోంది, ఆరోగ్య శిబిరం ఏ ఊళ్లో అన్నవి అందరికీ చెప్పాల్సిన కబుర్లు. ఒకప్పుడు దండోరా వేసి చెప్పేవారు, రేడియోలో చెప్పేవారు. వినేవాడి తండ్రి పేరు ఎవరూ అడగలేదు. అదే కబురు ఫోనుకి రావాలంటే మాత్రం పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ, కులం, వృత్తి, ఆధార్, పిన్‌కోడ్, ఈమెయిల్, చివర్న ఒక పాస్‌వర్డ్!

ఇలా అడగకూడదని మన దేశంలో ఒక చట్టం ఎప్పుడో చెప్పింది. 2005 అక్టోబరు 12న అమల్లోకి వచ్చిన సమాచార హక్కు చట్టం ఆరో సెక్షన్ రెండో ఉపసెక్షన్ ప్రకారం, సమాచారం కోరిన మనిషిని ఎందుకు కావాలని అడగకూడదు. సంప్రదించడానికి అవసరమైనవి తప్ప ఇంకే వ్యక్తిగత వివరమూ అడగకూడదు. నాలుగో సెక్షన్ మరో అడుగు ముందుకేసింది. జనం అడిగేదాకా ఆగకుండా సమాచారాన్ని ప్రభుత్వాలే బయటపెట్టాలని, అదీ స్థానిక భాషను దృష్టిలో పెట్టుకుని చేయాలని చెప్పింది. దస్త్రం అడిగేవాడికే ఇంత రక్షణ ఉన్నప్పుడు, తుపాను కబురు కోరేవాడి దగ్గర కులం, పుట్టిన తేదీ అడగడానికి కారణమేమిటి?

గడి గడికీ ఒక చిక్కు

మొదటి గడిలో పేరు. మనకి ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. ఫారానికి మాత్రం అసలు పేరు ముందు, ఇంటిపేరు చివర కావాలి. రేషన్ కార్డులో ఒకలా, బ్యాంకు పుస్తకంలో మరోలా, ఆధార్‌లో ఇంకోలా ఉన్న మనిషి ఏది రాయాలి? ఏది రాసినా ఎక్కడో ఒకచోట ‘సరిపోలలేదు’ అని వస్తుంది. బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్ల రూపకల్పన సూత్రాలు దీనికి తేలిక మార్గం చెప్పాయి: పేరుకి ఒకే గడి పెట్టండి, మనిషి తన పేరు ఎలా రాసుకుంటే అలాగే ఉండనివ్వండి.

ఆ తర్వాత పుట్టిన తేదీ. బడి గడప తొక్కని పెద్దవాళ్లకి తాము పుట్టిన ఏడాది ఇంచుమించుగా తెలుసు, తేదీ తెలీదు. కబురు పంపడానికి తేదీ అక్కర్లేదు కూడా.

వృత్తి గడి దగ్గర పొందూరుకి ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. చేనేత కేంద్ర జౌళి శాఖ కిందికి వస్తుంది. ఖాదీ కమిషన్ ఉండేదేమో సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల శాఖ కింద. ఒకే వీధిలో, ఒక్కోసారి ఒకే ఇంట్లో, భార్య నూలు వడుకుతుంది, భర్త మగ్గం మీద నేస్తాడు. జాబితాలో ‘చేనేత’ అని మాత్రమే ఉంటే వడికే మనిషి ఏది నొక్కాలి? 1949 నుంచి ఈ ఊళ్లో ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఉంది. ఊరికి పేరొచ్చిందే ఈ నూలుతో. ఆ నూలు తీసేవాళ్లు తమ పని పేరు కనబడక ‘ఇతరములు’ నొక్కాల్సి రావడం నాకు మింగుడుపడదు. ఏ శాఖ దేన్ని చూస్తుందన్నది ఢిల్లీ లెక్క, వడికే మనిషికి దాంతో పని లేదు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు ఫోను నంబరే. ఇంటికి ఒక్క ఫోను ఉంటుంది. అది కొడుకుతో పాటు విశాఖకో హైదరాబాదుకో వెళ్తుంది. ఓటీపీ అక్కడికి పోతుంది, ఇక్కడ గడువు ముగుస్తుంది. లేదంటే నెట్ సెంటర్ అబ్బాయి తన నంబరే వేసేస్తాడు. పని ఆ పూటకి అయిపోతుంది. ఆ తర్వాత వచ్చే ప్రతి కబురూ అతని ఫోనుకే వస్తుంది. కాగితం మీద ఆమె నమోదైనట్టే లెక్క. ఆమెకి మాత్రం ఏదీ తెలీదు. ఇందులో ఆ అబ్బాయి దురుద్దేశం ఏమీ లేదు, ఫారం అతనికి వేరే దారి వదల్లేదు.

తీసేస్తే ఏమవుతుంది?

గడులు తగ్గిస్తే వ్యవస్థ కూలిపోతుందని భయపడేవాళ్లు 2021 నాటి కోవిడ్ టీకాల నమోదు వేదిక కోవిన్‌ను గుర్తు చేసుకోవాలి. అది పుట్టిన ఏడాది అడిగి ఊరుకుంది, తేదీ అడగలేదు. ఒక్క నంబరు మీద మొదట నలుగురిని, తర్వాత ఆరుగురిని నమోదు చేసుకోనిచ్చింది. ఇంటికొక ఫోను ఉన్న దేశానికి ఆ రెండూ తగిన నిర్ణయాలు. తెలుగు మాత్రం జూన్‌లో గానీ రాలేదు. 18 నుంచి 44 ఏళ్ల వాళ్లు టీకాకి ఆన్‌లైన్‌లోనే నమోదు కావాలన్న నిబంధన మీద ఆ ఏడాది మే నెలాఖరున సుప్రీంకోర్టు డిజిటల్ అంతరం సంగతేమిటని కేంద్రాన్ని నిలదీసింది. అప్పటికే ప్రభుత్వ కేంద్రాల్లో అక్కడికక్కడే నమోదుకి తలుపు తీయడం మొదలైంది.

మన ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి 30న మొదలైన ‘మన మిత్ర’ ఇంకో మెట్టు. 9552300009కి వాట్సాప్‌లో ఒక పలకరింపు పంపితే చాలు, సేవల జాబితా తెరుచుకుంటుంది. తొలి విడతలోనే 161 సేవలు. ఖాతా, పాస్‌వర్డ్ ఊసే లేదు. లోపలికెళ్లాక కొన్ని పనులకి వివరాలు ఇవ్వాల్సిందే, అది న్యాయమే. గుమ్మం దగ్గర ఆపకపోవడం గొప్ప మార్పు.

అసలు ఏ నమోదూ లేని దారి కూడా ఉంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం కొబ్బరి నేలకూలింది. అలాంటి రాత్రి హెచ్చరిక అందడానికి ఎవరి పేరూ అక్కర్లేదు, ఆ ప్రాంతంలో ఉన్న ప్రతి ఫోనూ మోగాలి. 2023లో దేశమంతటా విడతలవారీగా పరీక్షించిన సెల్ బ్రాడ్‌కాస్ట్ చేసేది అదే. టవర్ పరిధిలోని ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగుతాయి.

బ్రిటన్ ప్రభుత్వ సేవల బృందం ఫారం తయారుచేసే ఉద్యోగులకి ఒక పని అప్పగిస్తుంది. ప్రతి ప్రశ్న పక్కనా, ఈ జవాబు ఎవరు వాడతారు, దేనికి వాడతారు, తప్పుగా వస్తే ఏమవుతుంది అని రాసుకోవాలి. మన శాఖల్లో ప్రతి ఫారానికీ ఇది తప్పనిసరి చేయాలని నా గట్టి కోరిక. సమాచారం పంపే ఫారమైతే ఈ పరీక్షకి నిలిచేవి మూడే: ఎక్కడికి పంపాలి, ఏ భాషలో, ఏ మండలం కబుర్లు. ఫోను లేని వాళ్ల కోసం అదే కబురు గ్రామ సచివాలయం గోడ మీద కాగితంగా అతికించాలి. నెట్ సెంటర్లో నింపినప్పుడు ‘ఈ నంబరు మీదేనా, వేరే వాళ్లదా?’ అని తెలుగులో ఒక్క మాట అడగాలి. వేరే వాళ్లదైతే తర్వాత సొంత నంబరుకి మార్చుకోవడానికి ఆధార్ కేంద్రం దాకా తిప్పకూడదు.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా ఈ వైపే ఉంది. చెప్పిన పనికి ఎంత అవసరమో అంత డేటాకే సమ్మతి వర్తిస్తుందని ఆరో సెక్షన్ అంటుంది. టెలిమెడిసిన్ యాప్ ఒకటి ఫోన్లోని కాంటాక్టుల జాబితా కూడా అడిగి మనచేత ‘సరే’ అనిపించుకున్నా, ఆ సరే వైద్యానికి కావలసిన మేరకే చెల్లుతుందని చట్టంలోనే ఉదాహరణ ఇచ్చారు. సమ్మతి ఇవ్వడం ఎంత తేలికో వెనక్కి తీసుకోవడం కూడా అంత తేలికగా ఉండాలని అదే సెక్షన్ చెబుతోంది. కాబట్టి ఒక్క మెసేజితో చేరిన మనిషి, ‘వద్దు’ అని తెలుగులో ఒక్క మెసేజి పెట్టి బయటికి రాగలగాలి. కారణం అడగకూడదు, లాగిన్ అడగకూడదు. ఆ నంబరు జాబితాలోంచి నిజంగా తుడిచేయాలి.